రామన్‌కు దండ, పరిశోధనకు మొండిచెయ్యి

ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం వస్తే సీవీ రామన్ పటానికి దండ వేస్తాం, పిల్లలతో ఉపన్యాసాలు చెప్పిస్తాం, మర్నాటికి మర్చిపోతాం. 1928లో కలకత్తాలో ఆయన పట్టుకున్న, అణువుల కంపనాన్ని బట్టి రంగు మారి చెదిరే ఆ మసక వెలుగు ఇవాళ మెదడు ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లింది, కానీ మన చేతుల మీదుగా కాదు. మాకు కోపం తెప్పిస్తున్నది ఇదే.

అమెరికాలో మిషిగన్ వర్సిటీ వైద్యుల బృందం కణితి ముక్కను గాజు పలకల మధ్య నొక్కి, రంగు వేయకుండా లేజర్లతో చూస్తోంది. కొవ్వు ఒకలా, ప్రొటీన్ ఇంకోలా కంపిస్తాయి కాబట్టి ఏది ఏదో బొమ్మలో తేలిపోతుంది. పేషెంట్ బల్ల మీద ఉండగానే, 150 సెకన్లలోపే కంప్యూటర్ అది ఏ రకం కణితో చెబుతోందని 2020లో ప్రచురించారు. మామూలు పద్ధతిలో అరగంట దాకా పడుతుంది.

ఇది తేలిగ్గా రాలేదు. లేజర్ కాంతిలో కనిపెట్టాల్సిన తేడా పది వేలలో ఒక వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. పవర్ పెంచి చూద్దామంటే కణం మాడిపోతుంది. అందుకే 2008లో హార్వర్డ్ బృందం రెండు లేజర్ కిరణాల్లో ఒకదాని తీవ్రతను సెకనుకు లక్షల సార్లు మార్చుతూ, ఆ లయకే స్పందించే సంకేతాన్ని మాత్రం ఏరుకుంది. అయినా కాంతికి పుట్టుకతోనే ఉన్న నాయిస్, అంటే సంకేతాన్ని మసకబార్చే గజిబిజి, మిగిలే ఉంటుంది. 2021లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వర్సిటీ వాళ్లు క్వాంటమ్ పద్ధతిలో దాన్నీ అణిచి, పవర్ పెంచకుండానే నాయిస్‌తో పోలిస్తే సంకేతాన్ని 35 శాతం మెరుగుపరిచారు. ఇలాంటి పనికి ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర అద్దాలు సరిచేసుకుంటూ కూర్చునే మనుషులు కావాలి, వాళ్లకు నెలనెలా ఫెలోషిప్ అందాలి.

మనమేం చేశాం? పరిశోధనకు జీడీపీలో 0.64 శాతం విదిల్చాం. 2022 జూలైలో ప్రభుత్వ సంస్థలు కొనే పరిశోధన పరికరాలపై రాయితీగా 5 శాతమే ఉన్న జీఎస్టీని 18 శాతానికి తీసుకెళ్లాం. ఒక చేత్తో దండ వేసి, రెండో చేత్తో లేజర్ మీద పన్ను వసూలు చేయడం కపటం కాదా? మన దగ్గర ఈ రంగంలో కష్టపడుతున్నవాళ్లు ఉన్నారు, వాళ్లను చూసైనా సిగ్గుపడాలి.

పరిశోధనకు లక్ష కోట్ల రూపాయల నిధి ప్రకటించాం కదా అని సర్కారు అంటుంది. మంచిదే, కానీ అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీ రుణాల కోసం. రామన్‌కు కావాల్సింది అప్పు కాదు, అప్పుడైనా ఇప్పుడైనా.

వచ్చే ఫిబ్రవరి 28న మైకు పట్టుకునే మంత్రులు ముందు ఆ 0.64 ఎంతకు పెరిగిందో చెప్పాలి. చెప్పలేకపోతే ఆయన పేరు ఎత్తొద్దు.