డాల్మేషియన్‌కు లివర్ పెట్టమన్న ఆ మెసేజ్‌ను నమ్మకండి

ఒడిశాలోని మా బరంపురం తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. పైన డాల్మేషియన్ కుక్కపిల్ల ఫొటో, కింద ఆరు మాటలు. పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి కుక్క లేదట. రోజూ చికెన్ లివర్ పెడితే మచ్చలు నల్లగా నిగనిగలాడతాయట. రాత్రి ఎనిమిది దాటాక నీళ్ళగిన్నె తీసేస్తే ఇల్లు పాడుచెయ్యదట. వెంట్రుకలు పొట్టివి కాబట్టి రాలవట. పెరట్లో కట్టేసినా పడి ఉంటుందట. పిలిస్తే రాకపోతే అది మొండితనమట, రెండు తగిలిస్తే దారికొస్తుందట. పర్లాకిమిడి నుంచి మా అత్త కూడా ఇదే పంపింది. మా ఇంట్లో నాలుగేళ్ళుగా డాల్మేషియన్ ఉంది, పేరు చుక్కన్న. ఆ మెసేజ్ చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

మొదటి మాటతో నాకు పేచీ లేదు. మనుషుల మధ్య ఉండాలని తహతహలాడే కుక్క ఇది. కాకపోతే పాతిక కిలోల పైన బరువు, ఒక్క క్షణం కుదురుండదు. నడక నేర్చుకుంటున్న పిల్లల్ని ప్రేమగానే పడేస్తుంది. అలాంటి పసివాళ్ళున్న ఇంట్లో పక్కన పెద్దవాళ్ళు ఉండాల్సిందే.

ప్రాణం మీదకు తెచ్చేవి రెండో మాట, మూడో మాట. లివర్, కిడ్నీ లాంటి వాటిలో ప్యూరిన్లు అనే పదార్థాలు చాలా ఎక్కువ. అవి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయి. మిగతా జాతుల కుక్కల్లో ఆ యాసిడ్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం అల్లాంటోయిన్ అనే పదార్థంగా మార్చేస్తుంది. అది నీళ్ళలో సులువుగా కరిగి మూత్రంలో పోతుంది. డాల్మేషియన్‌లో యూరిక్ యాసిడ్‌ను కాలేయ కణాల్లోకి చేరవేసే జన్యువే లోపంతో ఉంటుంది. 2008లో ఆ జన్యువును గుర్తించారు. పిల్లకు ఎంత డబ్బు పోసినా, ఎంత మంచివాళ్ళ దగ్గర కొన్నా ఈ లోపం తప్పదు, ఎందుకంటే జాతి మొత్తానికీ ఉన్నదే. 1973లో అమెరికాలో ఒక్కసారి పాయింటర్ జాతితో కలిపి, ఆ సంతానాన్ని తరతరాలుగా మళ్ళీ డాల్మేషియన్లతోనే కలుపుతూ లోపం లేని వంశాన్ని తీసుకొచ్చారు. కుక్కల జాతుల్ని నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ దాన్ని 2011లో ఒప్పుకుంది. మా దగ్గరున్నది ఆ వంశమేనని ఎవరైనా అంటే జన్యు పరీక్ష కాగితం అడగండి.

ఆ యూరిక్ యాసిడ్ మూత్రంలో ఇసుకలా పేరుకుని రాళ్ళవుతుంది. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, పేరుకోవడం ఇంకా పెరుగుతుంది. అంటే లివర్ పెట్టి, రాత్రంతా నీళ్ళు లేకుండా ఉంచమంటే రాళ్ళు తయారుచెయ్యమన్నట్టే. మగ కుక్కకు మూత్రనాళం సన్నం, రాయి అక్కడే ఇరుక్కుంటుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. చుక్కన్నకు రెండేళ్ళప్పుడు, మే నెలలో ఒక సాయంత్రం, కరివేపాకు చెట్టు దగ్గర కాలెత్తి అలాగే నిలబడిపోయాడు. ఎంతసేపటికీ ఏమీ రాదు. చివరికి రెండు చుక్కలు పడ్డాయి, లేత ఎరుపు రంగులో. వేడి చేసిందనుకుని మజ్జిగ పట్టాం. రాత్రంతా అక్కడే నాకుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. పొద్దున్నే తీసుకెళ్తే డాక్టరుగారు పొట్ట కింద చెయ్యి పెట్టి చూసి, వెంటనే అడిగారు: "ఏం పెడుతున్నారు?" పిల్లను అమ్మినవాళ్ళ సలహా మీద చికెన్ షాపు నుంచి వారానికి మూడు నాలుగు సార్లు లివర్ తెచ్చి పెట్టేవాళ్ళం. ఎక్స్‌రేలో రాయి కనపడలేదు. ఈ రకం రాళ్ళు మామూలు ఎక్స్‌రేలో తరచూ కనపడవట. స్కానింగ్‌లో తేలాయి. గొట్టం పెట్టి అడ్డుపడిన రాయిని వెనక్కి తోసి, తర్వాత ఆపరేషన్ చేశారు. ఇంకో రోజు ఆగి ఉంటే బతికేవాడు కాదన్నారు. మీ మగ కుక్క ముక్కుతూ మూత్రం రాక తిప్పలు పడుతుంటే మజ్జిగ, బార్లీ అంటూ కూర్చోకండి. ఆ రాత్రే తీసుకెళ్ళండి.

ఇప్పుడు వాడికి డాక్టరుగారు చెప్పిన ప్రకారం అన్నం, గుడ్డు, ఛెనా (విరిచిన పాల ముద్ద), పెరుగు, సొరకాయ, క్యారెట్. చికెన్ రెండు మూడు ముక్కలే, ఉడికించిన నీళ్ళు పారబోస్తాం, ప్యూరిన్లు చాలావరకు అందులోకి దిగుతాయి కాబట్టి. గోపాల్‌పూర్ నుంచి చేపలొచ్చిన రోజున కవళ్ళు, నెత్తళ్ళు, కానగంతలు వాడి దరికి రానివ్వం. ఎండుచేప కూడా అంతే. పక్కింటి ఒడియా మాఉసి (పిన్నిగారు) ప్రేమగా పఖాళ, అంటే నీళ్ళు పోసిన చద్దన్నం, పెడుతుంది, ఉప్పు, ఉల్లిపాయ వెయ్యకముందే వాడి వాటా విడిగా తీస్తుంది. తిండిలో నీళ్ళు కలుపుతాం. ఇంట్లో మూడు చోట్ల గిన్నెలుంటాయి, రాత్రి కూడా. ఇల్లు తడుస్తుందని భయమైతే పడుకునేముందు ఒకసారి, తెల్లారగట్ల ఒకసారి బయట తిప్పండి. నీళ్ళు మాత్రం తియ్యకండి.

ఇక మచ్చల సంగతి. ఈ పిల్లలు తెల్లగా పుడతాయి, పది పదిహేను రోజులకు మచ్చలు బయటపడడం మొదలవుతుంది. నలుపో గోధుమో పుట్టుకతో నిర్ణయమైపోతుంది. గోధుమ మచ్చల రకాన్ని లివర్ అంటారు. అది రంగు పేరు, తినే లివర్‌తో దానికి సంబంధం లేదు.

వెంట్రుకలు రాలవన్నది శుద్ధ అబద్ధం. ఏడాది పొడవునా రాలతాయి. పొట్టిగా, బిరుసుగా ఉండి బట్టలో దిగబడతాయి. మా వదిన నల్ల బరంపురం పట్టుచీర అంచులోంచి వాటిని పిన్నుతో తీసింది. కట్టేసి ఉంచడం కూడా కుదరదు. ఇంగ్లండులో గుర్రపు బగ్గీల పక్కన మైళ్ళ కొద్దీ పరిగెత్తిన జాతి ఇది. కట్టేస్తే అరుస్తుంది, నేల తవ్వుతుంది. ఎండాకాలం మేం ఐదింటికే బయల్దేరతాం, రోడ్డు వేడెక్కకముందే ఇంటికొస్తాం.

చివరిది, కొట్టమన్న మాట. నాకు బాగా కష్టం కలిగించింది ఇదే. ఈ జాతిలో చెవుడు ఎక్కువ. అమెరికాలో వేల కుక్కల్ని పరీక్షించి చూస్తే సుమారు 8 శాతానికి రెండు చెవులూ, 22 శాతానికి ఒక చెవీ వినపడవని తేలింది. నీలి కళ్ళున్న వాటిలో ఇది ఇంకా ఎక్కువ. పర్లాకిమిడిలో మా అత్త వీధిలో ఒకరు నీలికన్ను అదృష్టమని ఎక్కువ డబ్బిచ్చి పిల్లను కొన్నారు. పిలిస్తే రావడం లేదని పేపరు చుట్టి కొట్టేవారు. నేను వెళ్ళిన రోజు అది గుమ్మంలో నిద్రపోతోంది. వెనక నిలబడి గాల్లో స్టీలు పళ్ళాన్ని గరిటెతో మోగించాను. చెవి కూడా కదల్లేదు. పక్కనే నేల మీద కాలితో తడితే చటుక్కున లేచి చూసింది. ఆ ఇంటాయన చేతిలో పేపరు కింద పెట్టేశారు. ఇప్పుడు వాళ్ళబ్బాయి చేతి సైగలతో పిలుస్తున్నాడు, చీకటి పడితే టార్చి మినుకుమినుకుమనిపిస్తాడు. లారీ హారన్ దానికి వినపడదు కాబట్టి గేటుకు పైన ఇంకో గడియ బిగించారు.