ముందే ఊహిస్తే నవల పోయినట్టేనా?
హంతకుడెవరో పాఠకుడు ముందే పట్టేస్తే ఆ మిస్టరీ నవల విఫలమైనట్టేనని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. డిటెక్టివ్ కంటపడిన ప్రతి ఆధారాన్నీ వెంటనే పాఠకుడికీ చూపించాలని ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే నియమం పెట్టాడు. అంటే పట్టుకునే అవకాశం మనకిచ్చి తీరాలి. ఇచ్చాక కొందరు పట్టుకుంటారు, అది రచయిత తప్పెలా అవుతుంది? ఈమధ్య ఒక నవలలో సగానికే నాకు మనిషి దొరికిపోయాడు. అయినా ఎందుకు చంపాడో అంతుపట్టక చివరిదాకా టెన్షన్‌తోనే చదివాను. నాకు కోపం వచ్చేదల్లా ఆఖరి అధ్యాయంలో ఎక్కడినుంచో ఊడిపడే కవల సోదరుడిని చూసినప్పుడే (దీన్నీ నాక్స్ వద్దన్నాడు). సమీక్ష రాసేముందు నేను మొదటి అధ్యాయాలు మళ్లీ తిరగేస్తాను. ఆధారాలు నిజంగా అక్కడుంటే ఆ రచయితకు పూర్తి మార్కులు వేస్తాను.