కైట్ సైజు పట్టిక గారికి విన్నపం

మహారాజశ్రీ కైట్ సైజు పట్టిక గారి దివ్యసముఖమునకు,

కైట్ (మనిషిని లాక్కెళ్లే పెద్ద గాలిపటం) ఈడ్చుకుపోగా అమెరికాలో మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సు మంచు మీద బోర్లా సాగిన మీ విధేయుడు వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ కుశలం అంతంతమాత్రం, మోచేతులు వాచాయి.

75 కిలోల మనిషి, 15 నాట్ల (గంటకు దాదాపు 28 కిలోమీటర్ల) గాలి అని తమరి గళ్లలో వేలు పెట్టి వెతికితే 12 చదరపు మీటర్లని సెలవిచ్చారు. శిరసావహించాను. శనివారం మిన్నియాపొలిస్ నుంచి అంత దూరం వెళ్లి, చేతులు కొంకర్లు పోతుంటే పంపుతో గాలి కొట్టి, స్కీలు తొడుక్కుని కైట్ లేపాను. ఆ తర్వాత సంగతి నాకన్నా మంచుకి చిల్లి పెట్టుకుని చేపలు పట్టే పెద్దమనుషులే బాగా చెప్పగలరు. వాళ్ల గుడిసె తలుపు ముందునుంచే వెళ్లాను, పొట్ట మీద. కైట్ లాగుడు తెంపే సేఫ్టీ లాగితే గానీ ఆగలేదు. చుట్టుపక్కల అందరూ 7, 8 మీటర్ల కైట్లతో విలాసంగా తిరుగుతున్నారు.

నా బరువు అడిగారు. గాలి ఎంతన్నారు. కాళ్ల కింద ఏముందని ఎందుకు అడగలేదండీ?

నీళ్లలో బోర్డు ముందు మునిగే ఉంటుంది. దాన్ని పైకి తేల్చి పరుగెత్తించాలంటే గట్టి లాగుడు కావాలి, అందుకే 12. మంచు మీద స్కీకి ఆ తేలే బాధే లేదు, కాస్త లాగితే చాలు, జారిపోతుంది. అదే మనిషికి, అదే గాలికి అక్కడ 8 గానీ 9 గానీ చాలు. ఇంకోటి: సున్నాకి 20 డిగ్రీల దిగువన గాలి చిక్కబడుతుంది. 25 డిగ్రీల వేసవి గాలి కన్నా దాదాపు 18 శాతం బరువెక్కువ. తమరు ఏ బీచిలో, ఏ నిక్కర్లు వేసుకుని తయారయ్యారో తెలీదు. నీటికి మాత్రమే అని అడుగున చిన్నక్షరాల్లోనైనా వేయొచ్చు కదా? అది లేదు సరికదా, పైన స్కీ బొమ్మ కూడా వేసుకున్నారు!

గాలి అంటే సగటా, విసురా? అదీ చెప్పరు. 15 నాట్లు 20 అయితే లాగుడు దాదాపు 1.8 రెట్లవుతుంది. తమరికది పక్క గడి, అంతే.

పోనీ గొట్టాలు లేకుండా, గుడ్డ గదుల్లోకి గాలి దూరి ఉబ్బే 8 మీటర్ల ఫాయిల్ కైట్ ఒకటి కొని రెండుచోట్లా వాడేద్దామంటే, మూతులు తెరుచుకున్న ఓపెన్ సెల్ ఫాయిల్ నీళ్లలో పడితే కడుపునిండా తాగి ఇక లేవదు. 1984లో ఫ్రాన్సుకి చెందిన లెగైన్యూ అన్నదమ్ములు గాలి గొట్టాల కైట్‌కి పేటెంట్ తీసుకున్నది నీళ్లలో పడ్డా తేలి మళ్లీ లేవాలనే కదా. మూతుల్లో కవాటాలున్న క్లోజ్డ్ సెల్ అయితే రెండిటికీ పనికొస్తుంది. ఆ ముక్క ఒక్క గడిలోనైనా ఉందా? మా అమ్మేమో ఫోన్లో, "సంక్రాంతి వెళ్లిపోయింది కదరా, ఇంకా గాలిపటాలేంటి?" అంటోంది. ఆవిడకైనా సమాధానం చెప్పగలవా నువ్వు?

అవును, నువ్వే. ఇక తమరూ లేదు, మీరూ లేదు. ఇంకో నిలువు గడి గీయడానికి నీకేం పోయింది? నీళ్లు, మంచు, రెండే రెండు మాటలు! ఆ గడి లేకే కదా ముక్కు పగలకుండా బయటపడ్డందుకు ఇవాళ నేను సంతోషించాల్సి వచ్చింది.

జూన్‌లో ఇదే సరస్సుకి అదే 12 పట్టుకుని వస్తాను. అప్పుడు నువ్వు చెప్పిన లెక్క అచ్చంగా సరిపోతుంది. ఒళ్లు మండేది అందుకే.

ఇట్లు,
పొట్ట మీద ప్రయాణించిన 75 కిలోలు