గన్ తర్వాత, ముందు కాలు చూడు

సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో ప్రాక్టీస్ అయ్యాక, లీగ్ మ్యాచ్‌లు ఆడి మానేసిన అన్నకూ ఫాస్ట్ బౌలర్ తమ్ముడికీ జరిగిన వాదన ఇది.

తమ్ముడు: ఎన్నైనా చెప్పన్నా, స్పీడ్ ముందు అన్నీ దిగదుడుపే. 2022 ఐపీఎల్‌లో ఉమ్రాన్ మాలిక్ సన్‌రైజర్స్‌కు గంటకు 157 కిలోమీటర్ల స్పీడ్‌తో వేస్తే దేశమంతా అతని పేరే.

అన్న: అదే సన్‌రైజర్స్‌లో 2016, 2017 వరుసగా పర్పుల్ క్యాప్, అంటే సీజన్‌లో ఎక్కువ వికెట్లు తీసినవాడి టోపీ, ఎవరిది? భువనేశ్వర్‌ది. అతను 140 దాటడమే అరుదు.

తమ్ముడు: అందరూ భువీలు కాలేరు. బంతి గాల్లో వంపు తిరక్క, స్వింగ్ కాకపోతే 130ని కాలేజీ కుర్రాడు కూడా లేపి కొడతాడు. 150 వస్తే ఆలోచించే టైమే ఉండదు. సెలక్షన్స్‌లో చూసేది కూడా స్పీడ్ కొలిచే గన్నే, నేను బంతి కుట్టు (సీమ్) నిలబెట్టే తీరు కాదు.

అన్న: సెలక్షన్స్ మాట కాదనలేను. కానీ ఆ స్పీడ్ ఎక్కడ పుడుతుందో చూడు తమ్మీ. రనప్‌లో, అంటే పరుగెత్తి వచ్చేటప్పుడు, వచ్చిన ఊపు ముందు కాలు పడగానే ఆగాలి. మోకాలు బిగిసి ఉంటే అదంతా నడుము మీదుగా భుజానికి, చేతికి, బంతికి పోతుంది. నీ మోకాలు వంగిపోతోంది, ఊపు అక్కడే చచ్చిపోతోంది. ఆ లోటు తీర్చడానికి ఎడమ పక్కకు ఒరిగి భుజంతో లాగుతున్నావు. వెన్నుపూసలో పగుళ్లు వచ్చేది ఇలాగే. మయాంక్ యాదవ్ 2024 ఐపీఎల్‌లో 156.7 వేశాడు, అతనిది కండరాల గాయమే అనుకో, అయినా నాలుగు మ్యాచ్‌లకే ఆగిపోయాడు.

తమ్ముడు: రనప్ అంటావు, బేస్‌బాల్‌లో చాప్‌మన్ ఉన్నచోటి నుంచే 170 దాకా వేశాడుగా!

అన్న: వాళ్లు మోచెయ్యి వంచి విసరొచ్చు, నిలబడి విసరడానికి పది అంగుళాల ఎత్తు దిబ్బ కూడా ఉంటుంది. మనకు మోచెయ్యి 15 డిగ్రీలు దాటి సాగితే తప్పు.

తమ్ముడు: మరి బుమ్రా చెయ్యి?

అన్న: అది వెనక్కి వంగే చెయ్యి, లెక్కలోకి రాదు. ఆ గొడవ ఇప్పుడెందుకు! సిరాజ్‌ను చూడు, మన ఊరివాడే. 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టుల్లో 185 ఓవర్లు దాటేసి, ఓవల్‌లో చివరి రోజు కాళ్ల దగ్గర పడే యార్కర్‌తో అట్కిన్సన్‌ను బౌల్డ్ చేశాడు. ఆరు పరుగులతో గెలిచాం. అంత అలసటలోనూ యాక్షన్ చెదరలేదు.

తమ్ముడు: ఆ బంతి కూడా 140 పైనే అన్నా!

అన్న: అవును, నేను స్పీడ్ వద్దనట్లేదు. రేపు రనప్ లేకుండా, నాలుగడుగులు నడిచి వెయ్యి. పక్క నుంచి నీ మోకాలు వీడియో తీస్తా.

తమ్ముడు: గన్ తేనా?

అన్న: తే. అంకె మాత్రం వారం తర్వాతే చెప్తా.