నయీంనగర్ గదుల్లో గోడకు అంటించిన లక్ష్యాలు

హనుమకొండ నయీంనగర్‌లో పిల్లలు అద్దెకుండే గదుల్లోకి ఎప్పుడైనా వెళ్లి చూడండి. మూలకు చుట్టిపెట్టిన పరుపు, కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాల, ఒక బకెట్, పుస్తకాల దొంతర, దాని పైన గోడకు టేపుతో అంటించిన తెల్ల కాగితం. దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు: 'ఎంసెట్ వెయ్యి లోపు ర్యాంకు', 'గ్రూప్-1', 'ఎస్సై'. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా మన నోటికి ఇంకా ఎంసెటే. నేనూ అలాంటి కాగితం అంటించినవాణ్ణే, రెండేళ్లు దాని కిందే పడుకున్న. పొద్దున కళ్లు తెరవగానే మొదట కనిపించేది అదే, కనిపించిన ప్రతిసారీ కడుపులో ఏదో మెలిపెట్టినట్టయ్యేది. ఆ టెన్షన్ ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. నేను లక్ష్యం అనుకుని రాసుకున్నది ఫలితాన్ని. దాన్ని చూస్తే ఆ రోజు నేనేం చేయాలో ఏమీ తెలిసేది కాదు, ఇంకా ఏం రాలేదో మాత్రం తెలిసేది.

అసలు ర్యాంకు అంటే ఏమిటి? నా ముందు ఎంతమంది ఉన్నారన్న లెక్క. మూడు గంటల్లో 160 ప్రశ్నలు రాస్తాం, అక్కడి వరకే మన పని. పేపర్ తేలికగా వచ్చిందా, కష్టంగా వచ్చిందా, ఆ ఏడు ఎంతమంది రాశారు, ఇవన్నీ కలిస్తేనే ర్యాంకు. నియమాలు కూడా మారుతుంటాయి. ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, ఆ లెక్కతోనే ఇంటర్‌ మార్కుల మీద ప్రాణం పెట్టి చదివినవాళ్లున్నారు, 2023లో తెలంగాణలో దాన్ని తీసేశారు.

గ్రూప్-1 సంగతి మరీ దారుణం. రాష్ట్రం వచ్చాక మొదటి నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులు. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. ఒకే ఉద్యోగానికి రెండేళ్లలో మూడుసార్లు మొదటి మెట్టు ఎక్కిన పిల్లలు మన జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. వాళ్ల కష్టంలో లోపం ఎక్కడుంది? బతుకు మొత్తాన్నీ ఆ ఒక్క మాట మీద నిలబెట్టుకున్నవాళ్లకు, అది కదిలిన ప్రతిసారీ కాళ్ల కింద నేల కదిలినట్టే అయింది. ఆ రోజుల్లో నాకు తెలిసిన ఒకాయన దసరాకు ఊరికి పోవడం మానేశాడు. బతుకమ్మ దగ్గర చుట్టాలు 'ఇప్పుడు ఏం చేస్తున్నవ్ తమ్మీ?' అని అడుగుతారని భయం.

మా బాపు పత్తి రైతు. ఆయన నాకు లక్ష్యాల గురించి ఒక్క మాటా చెప్పలేదు, కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నేను నేర్చుకోవాల్సింది అక్కడే ఉండింది. ఈసారి ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు వస్తదో ఆయనకూ ఆశ ఉంటుంది, ఎనుమాముల మార్కెట్‌లో ధర ఎంత పలుకుతుందోనన్న బెంగ కూడా ఉంటుంది. మా అవ్వతో రాత్రి అన్నం తినేటప్పుడు ఆ లెక్కలే మాట్లాడేవాడు. కానీ పొద్దున చాయ తాగి లేచేటప్పుడు ఆయన నోట క్వింటాళ్ల మాట ఉండేది కాదు, 'బాయికాడి ఎకరం గుంటుక తోలాలె' అనేవాడు. వాన పడితే 'సరే, ఇయ్యాల కలుపు' అనేవాడు. వాన ఆయన చేతిలో లేదు, కాంటా కాడి ధర అంతకన్నా లేదు. రోజు మాత్రం ఆయనదే. సాయంత్రం కాళ్లు కడుక్కునేటప్పుడు, ఎకరం పూర్తయిందో లేదో ఎవర్నీ అడగకుండానే ఆయనకు తెలిసేది.

ఈ తేడా మీద పరిశోధనలూ ఉన్నాయి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన వ్యాసం ఈ రంగంలో చాలామంది ప్రస్తావించేది. 'బాగా చదవాలి' అని గట్టిగా అనుకున్నవాళ్ల కంటే, 'టిఫిన్ అయ్యాక, ఫలానా కుర్చీలో, ఫలానా పాఠంతో మొదలుపెడతా' అని ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే ఖాయం చేసుకున్నవాళ్లు పని పూర్తిచేసే అవకాశం ఎక్కువని అందులో చూపించాడు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, ఒక పని అలవాటుగా మారడానికి మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల వరకు పడుతుందని తేలింది. అందులో నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది: మధ్యలో ఒకరోజు తప్పితే అలవాటేమీ చెడిపోలేదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని టైంటేబుళ్లు చించేశానో! బుధవారం తప్పిందని గురు, శుక్రవారాలు కూడా వదిలేసి, సోమవారం నుంచి కొత్తగా మొదలుపెడదామనుకోవడం, ఆ సోమవారం ఇంకో సోమవారానికి జరగడం, ఇది చదువుకున్న ప్రతివాళ్లకూ అనుభవమే.

పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవన్‌జీ గురించి మన దగ్గర తెలియనివాళ్లు తక్కువ. కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన అమ్మాయి. 2024 మేలో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధో వైకల్యం ఉన్నవాళ్లు పోటీపడేది) 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడు సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లు, కాంస్యం. మధ్యలో ముప్పావు సెకను. పతకం రంగు పక్క లైన్లలో పరుగెత్తేవాళ్లను బట్టి కూడా మారుతుంది. పొద్దున గ్రౌండ్‌కు వెళ్లడం మాత్రం పూర్తిగా ఆమె చేతిలోనిదే, ఆ రెండు పతకాల వెనకా ఉన్నది ఆ పొద్దులే.

ఇదంతా కడుపు నిండినవాళ్ల మాట అని ఎవరైనా అంటే నేను కోపం తెచ్చుకోను. ర్యాంకును బట్టి ఏ కాలేజీలో సీటొస్తుందో, ఫీజు ఇంటి మీద ఎంత పడుతుందో తేలిపోతుంది, పత్తి అమ్మిన డబ్బుతో ఫీజు కట్టే ఇంట్లో ర్యాంకు గురించి ఆలోచించొద్దని చెప్పే హక్కు నాకు లేదు. ఆలోచించండి, ఆశపడండి, కాగితం మీద రాసుకోండి కూడా. దాంతో ప్రతి రోజునూ కొలుచుకోవద్దనే నేను అడిగేది. నేను చదివిన కోచింగ్‌లో ఆదివారం పరీక్ష రాస్తే మంగళవారానికల్లా ర్యాంకులు బోర్డు మీద పెట్టి, దాన్ని బట్టి సెక్షన్లు మార్చేవాళ్లు. కింది సెక్షన్‌కు పడ్డ రోజు ఆ వారం నేను కొత్తగా నేర్చుకున్నవన్నీ నా కళ్లకే చెత్తలా కనిపించాయి. పదిహేడేళ్ల పిల్లవాడికి చదువు మీద ఉండే ఇష్టాన్ని చంపడానికి ఇంతకంటే తేలికైన దారి ఉండదు.

రోజులో అర్థం ఉండటమంటే పెద్ద వేదాంతమేమీ కాదని నా నమ్మకం. తెలియనిది తెలియడం, తెలిసింది పక్కవాడికి చెప్పడం, చాలావరకు అంతే. మన హనుమకొండలోనే 1904లో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. నిజాం కాలంలో తెలుగు చదువుకు ఆదరణ లేనప్పుడు, నలుగురూ తెలుగు చదువుకోవాలని పెట్టిన గ్రంథాలయం అది. ఈరోజు ఏ లైబ్రరీకి పోయినా పొద్దున్నే బ్యాగు పెట్టి కుర్చీ ఆపుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న గైడే సాయంత్రం దాకా చదివే పిల్లలు కనిపిస్తారు. వాళ్ల పట్టుదల చూస్తే గౌరవం కలుగుతుంది, వెనకాల అల్మారా వైపు ఒక్కసారి చూడటానికి కూడా భయపడుతున్నారే అని బాధా కలుగుతుంది. సిలబస్‌లో లేని పుస్తకానికి రోజూ పావుగంట ఇస్తే ర్యాంకు పోదు.

మా అక్క కొడుకు ఇప్పుడు బైపీసీ రెండో సంవత్సరం, అదే నయీంనగర్‌లో, నా గదికి రెండు సందుల అవతల ఉంటున్నాడు. పోయిన నెల వాడి దగ్గరికి వెళ్లాను. గోడ మీద 'నీట్' అని రాసి కింద రెండు గీతలు గీసి ఉంది. మార్కులెన్ని అని అడగబోయి ఆగి, 'ఇయ్యాల ఏం చదివినవ్ రా?' అన్నాను. కాసేపు నా మొహం చూసి, మెస్ వాళ్లిచ్చిన కరపత్రం వెనక్కి తిప్పి మూత్రపిండం బొమ్మ గీశాడు, దాంట్లో నెఫ్రాన్ వంపులన్నీ గీశాడు. 'రోజుకు 180 లీటర్లు వడకడుతది మామా, బయటికి పోయేది లీటరున్నరే, మిగతాదంతా మళ్ల ఎనక్కి తీసుకుంటది, ఎట్లనో చూడు' అని మొదలుపెట్టి, మెస్ టైం అయిందని పక్క గది పిల్లలు తలుపు కొట్టేదాకా చెబుతూనే ఉన్నాడు.