‘మన గ్యాస్ మనకే’ మెసేజ్‌లో తప్పులివి

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ ఆటోవాళ్ల గ్రూపుల నుంచి మా వీధి గ్రూపు దాకా ఒక మెసేజ్ తిరుగుతోంది. ‘గోదావరి గ్యాస్ మనది, బయటి ధరలతో మనకేం పని? యుద్ధాలన్నీ సాకులు. సీఎన్‌జీ, సిలిండరు రేట్లు పెంచేది కంపెనీల అత్యాశే’ అని దాని సారాంశం. ఆ కోపం న్యాయమైనదే. కిలోకి రెండు రూపాయలు పెరిగినా ఆటో నడిపేవాళ్ల రోజు సంపాదనకే చిల్లు పడుతుంది. కానీ కారణం తప్పు చెబితే అడగాల్సినవాళ్లను అడగలేం.

మన గ్యాస్ మనకు చాలదు. ఆటోల్లో పోసే సీఎన్‌జీ అంటే సహజవాయువును కుదించిందే. దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం ఎల్‌ఎన్‌జీగా, అంటే ద్రవంగా మార్చిన గ్యాస్‌గా, ఓడల మీద వస్తోంది. 2009లో కృష్ణా-గోదావరి తీరంలోని సముద్రపు గ్యాస్ క్షేత్రం కేజీ డీ6 మొదలై, మరుసటి ఏడాదికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. ఆ తర్వాత దిగుబడి వేగంగా పడిపోయింది. 2020లో మొదటి బావులు మూతపడ్డాయి. కొత్త బావులు వచ్చాక కోలుకున్నది ఆ 6 కోట్లలో సగానికి అటూఇటుగానే.

యుద్ధం సాకు అనడం ఇంకా పెద్ద తప్పు. గ్యాస్‌ను ధాన్యంలా గోదాముల్లో వేసి ఉంచలేం. ఓడకెక్కించాలంటే మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవంగా మార్చాలి. ఆ ప్లాంట్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి, కొత్తది కట్టాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే కొరత కొంచెమే అయినా ధర ఎగిరిపోతుంది. 2020 లాక్‌డౌన్లప్పుడు ఆసియాలో ఎల్‌ఎన్‌జీ ధర మిలియన్ బీటీయూకు (గ్యాస్‌ను కొలిచే వేడి కొలమానం) రెండు డాలర్ల దగ్గరికి దిగింది. ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా పైపుల గ్యాస్ తగ్గి ఐరోపా ఓడల కోసం ఎగబడేసరికి 2022 ఆగస్టులో 60 డాలర్లు దాటింది. ఎక్కువ ఇచ్చినవాడిదే ఓడ. యూరియా తయారయ్యేదీ ఈ గ్యాస్‌తోనే. 45 కిలోల బస్తా మన రైతుకు రూ.266.50కే వస్తోంది కాబట్టి ఆ సెగ ఊళ్లో తెలియలేదు. 2022-23లో కేంద్రం ఎరువుల సబ్సిడీ మాత్రం రెండున్నర లక్షల కోట్లకు చేరింది.

సిలిండరు వేరే సరుకు. అందులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. సగానికి పైగా దిగుమతే, సౌదీ ప్రభుత్వ చమురు కంపెనీ ఆరాంకో నెలనెలా ప్రకటించే రేటే దానికి ఆధారం.

కంపెనీలు లాభం చూసుకోవని నేననను. అయితే ఓఎన్‌జీసీ లాంటి ప్రభుత్వ కంపెనీల పాత బావుల గ్యాస్ ధర నిర్ణయించేది కేంద్రం. 2023 ఏప్రిల్ నుంచి ముడిచమురు ధరలో 10 శాతంగా, గరిష్ఠ పరిమితి మిలియన్ బీటీయూకు 6.5 డాలర్లుగా పెట్టింది. ఆ పరిమితి తర్వాత కొంచెం పెరిగింది. ఆ చవక గ్యాస్ తగ్గిపోతోంది. 2024 అక్టోబరు, నవంబరుల్లో సీఎన్‌జీకి ఇచ్చే వాటాలో కోత పడింది. ఆ లోటును ఖరీదైన గ్యాస్‌తో నింపుకోవాల్సి వచ్చింది.

మెసేజ్ అసలు ఎత్తనిది పన్నుల సంగతి. సహజవాయువు జీఎస్టీలో లేదు. సీఎన్‌జీ మీద కేంద్రం ఎక్సైజ్, రాష్ట్రం వ్యాట్ రెండూ పడతాయి. జీఎస్టీలోకి తేవాలని గ్యాస్ ధరలపై కేంద్రం వేసిన కిరీట్ పారిఖ్ కమిటీ 2022లోనే సిఫారసు చేసింది. ఆటో యూనియన్లు కలెక్టరేట్‌కు వినతిపత్రం పట్టుకెళితే మొదట రాయాల్సింది ఈ డిమాండే.