థార్‌కు తీరిన కొరత

థార్ ఎడారికి పుట్టుకతో వచ్చిన లోపం, అక్కడ ఏమీ లేకపోవడం. రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సామ్ ఇసుక దిబ్బల దగ్గర ఆ లోపాన్ని పర్యాటకరంగం దిగ్విజయంగా సవరించింది.

మొదటిది జీపు. గాలి ఏళ్ల తరబడి పేర్చిన దిబ్బను చక్రాలతో తొక్కించడాన్ని సాహసయాత్ర అంటారు. యాత్రికుడు వెనక ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడతాడు. సాహసమంతా డ్రైవరుది, కేకలు మాత్రం మనవి.

తర్వాత సూర్యాస్తమయం. ఎటు చూసినా దిబ్బలే ఉన్నా జనాన్నంతా ఒకే దిబ్బ ఎక్కిస్తారు, పడమర అక్కడ మాత్రమే దొరుకుతుందన్నట్టు. అద్దె తలపాగా పెట్టుకున్న పెద్దమనిషి రెండు వేళ్ల మధ్య సూర్యుణ్ణి పట్టుకుని ఫోటోకు నిలబడతాడు. భార్య ఫోనులోంచి చూస్తూ "ఇంకాస్త కిందికండీ" అంటుంది. ఆయన చెయ్యి దించేలోగా సూర్యుడే దిగిపోతాడు. పక్కన ఇంకొకాయన ఒంటె ఎక్కుతాడు. ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది. ఆ సంగతి ఆయనకు దాని మెడను కావలించుకున్నాకే తెలుస్తుంది. సూర్యుడు మునగగానే దిబ్బంతా చప్పట్లు! మళ్లీ ఆడమని అడగడం ఒక్కటే తక్కువ.

రాత్రికి డేరాలో ఏసీ, స్నానానికి షవరు. 2010లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కిన కాల్బేలియా అనే జానపద నృత్యం ఒకటి రెండు పాటలకు సరి, ఆపైన డీజే. నక్షత్రాలు చూడాలని వచ్చినవారి సౌకర్యార్థం ఫ్లడ్‌లైట్లు.

ఈ దిబ్బల పక్కనే 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్క్ ఉంది. బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మిగిలిన చివరి నెలవుల్లో ముఖ్యమైనది అదే. దేశం మొత్తం వెతికినా స్వేచ్ఛగా తిరిగే ఆ పక్షులు సుమారు 150 మాత్రమేనని అంచనా. అది సాధారణంగా పెట్టేది ఒక్క గుడ్డు, అదీ గూడు కట్టకుండా వట్టి నేలమీద. కరెంటు తీగలకు కొట్టుకుని చస్తున్నవి చాలవా? అలాంటి నేలకు ఇంత దగ్గరలో, దారే లేని చోట జీపులు ఉరికించి కేరింతలు కొట్టడమేమిటి? అర్ధరాత్రి ఆ లౌడ్‌స్పీకర్లు ఎవరి చెవుల కోసం? రాజస్థాన్ తన రాష్ట్ర పక్షిగా చెప్పుకునేది దాన్నే. చెప్పుకోవడానికి సిగ్గయినా ఉండాలి!

మర్నాడు ఇదే బృందం కుల్‌ధరా వెళుతుంది. పాలీవాల్ బ్రాహ్మణులు ఎప్పుడో విడిచి వెళ్లిన ఊరు, దెయ్యాలున్నాయని ప్రచారం. రాత్రంతా చిందులేసినవారు అక్కడి మొండిగోడల మధ్య గొంతు తగ్గించి, ఒకరి వెనక ఒకరు, అడుగు చూసుకుని నడుస్తారు. అటవీశాఖవారు హెచ్చరిక బోర్డులన్నీ పీకేసి, బట్టమేక తిరిగే నేలంతా దెయ్యాల దిబ్బ అని రాయిస్తే సరి. గుడ్డుకు కాపలా కూడా అక్కర్లేదు.